మూడో మలుపులో సందు

మార్లీస్ వర్బా ఏడాదిలో తొమ్మిది నెలలు స్కూలు బస్సు నడుపుతుంది. పదిహేడేళ్ళ సర్వీసులో బస్సు మీద ఒక్క గీత పడలేదు. పసుపు లైటు కనిపిస్తే చాలు, ఆగిపోయే మనిషి. జూన్‌లో బడులు మూతపడగానే అదే మనిషి బిగుతు బట్టలు తొడుక్కుని, పది రోజుల్లో పది ఊళ్ళు తిరిగి పది సైకిల్ పందేల్లో పాల్గొంటుంది. ఇది మూడో ఏడు. వాళ్ళన్నయ్య దీన్ని తీర్థయాత్ర అంటాడు. తీర్థయాత్రకి వెళ్ళొచ్చినవాళ్ళ మొహంలో కాస్త కళ ఉంటుందని కూడా అంటాడు.

పందెం అర్థం కానంత చిక్కుదేమీ కాదు. విస్కాన్సిన్‌లో ఏదో ఒక చిన్న ఊరు. ఊరి నడుమ నాలుగు వీధులు మూసేసి ఇనపకంచెలు పెడతారు. చుట్టు ముప్పావు మైలు ఉంటుంది. ఆ చుట్టునే ముప్ఫై అయిదు నిమిషాలు తిరగాలి. చివర్న ముందెవరుంటే వాళ్ళు గెలిచినట్టు. కష్టమంతా మలుపుల్లో ఉంది. గుంపు మలుపు తిరిగేటప్పుడు ముందున్నవాళ్ళు కాలు ఆపకుండా పోతారు. వెనకున్నవాళ్ళు బ్రేకు నొక్కి, మళ్ళీ సీటు మీంచి లేచి తొక్కి, గుంపుని అందుకోవాలి. చుట్టుకి నాలుగుసార్లు ఇదే వరస. అంచేత వెనకున్నవాళ్ళు ఇంకా వెనక్కే పోతారు. అలా పోయి పోయి, గుంపు చుట్టు తిరిగొచ్చి వాళ్ళని దాటేసే సమయానికి రిఫరీ ఈల ఊది, "ఇక చాలమ్మా, పక్కకి వచ్చెయ్" అంటాడు.

మూడేళ్ళ మీద మార్లీస్ ఇరవై అయిదు పందేలు మొదలుపెట్టింది. ఇరవై రెండింట్లో పక్కకి రమ్మన్నారు. రెండుసార్లు టైరు పేలింది. ఇంకొకటి వానకి రద్దయింది. ఆ రద్దయిన పందెం మొదటి పది నిమిషాల్లో ఆమె గుంపులోనే ఉంది. ఆ సంగతి అడిగినవాళ్ళకి చెబుతుంది, అడగనివాళ్ళకీ చెబుతుంది.

ఆమెది నాలుగో తరగతి ఆడవాళ్ళ పందెం. అన్నిటికన్నా కింది తరగతి అది. నర్సులు, లెక్కల టీచర్లు, శవాలకి అలంకారం చేసే ఒకావిడ, ఇలా నలభై మంది దాకా ఉంటారు. అందులో అందరికీ తెలిసిన మనిషి కోరినా థీల్. యాభై ఏడేళ్ళు. పళ్ళకి తీగలు కట్టే డాక్టరు. ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఎవరైనా చక్కగా నవ్వారంటే అందులో ఆమె చేతిపని ఉన్నట్టే. మలుపు వచ్చేసరికి ఆమె కంచెకీ గుంపుకీ మధ్య, పిల్లి దూరేంత సందు చూసుకుని, "లోపల, లోపల" అని అరుస్తూ దూరేస్తుంది. తక్కినవాళ్ళు తిట్టుకుంటూ తప్పుకుంటారు. మార్లీస్ అయితే అరుపు వినబడకముందే తప్పుకునేది. బస్సు నడిపేవాళ్ళకి అది అలవాటు.

ఆరో రోజు సెయింట్ వెండెల్ అనే ఊళ్ళో పందెం.

ఆ వేళ ఎందుకో మార్లీస్ కాళ్ళు ఆమె మాట విన్నాయి. బయల్దేరడమే ముందు వరసలో బయల్దేరింది. ఇరవై నిమిషాలైనా గుంపులోనే ఉంది. ఈల కోసం చెవులు రిక్కించింది గాని, ఈల ఎవరెవరికో పడుతోంది, తనకి కాదు. ఇంకా నాలుగు చుట్లున్నాయని బోర్డు పెట్టారు. అప్పటికి ఆమె ఎనిమిదో మనిషి.

మూడో మలుపు రొట్టెల కొట్టు పక్కన, కొంచెం పల్లంగా ఉంటుంది. మార్లీస్ బయటివైపు నుంచి మలుపులోకి దిగింది. లోపలివైపు కంచె పక్కన సందు ఉంది. మనిషి పట్టే సందు, అనుమానం లేదు. వెనకనుంచి "లోపల, లోపల" అని వినబడింది.

మూడేళ్ళుగా ఆ అరుపుకి ఆమె దారి ఇస్తూనే ఉంది. ఇవాళ్టికి వినబడలేదనుకుందాం అని మనసులో ఒక మాట వచ్చింది. వచ్చిన మాట చేతుల్లోకి దిగడానికి ఎంతోసేపు పట్టలేదు. సైకిల్‌ని లోపలికి తిప్పేసింది.

వెనక చక్రానికి ఏదో తగిలినట్టయింది. తర్వాత గిన్నెల బీరువా మెట్ల మీంచి దొర్లినట్టు చప్పుడు. సైకిల్ పందెంలో ముందున్న మనిషి అడ్డం వస్తే పడేది వెనకున్న మనిషే. మార్లీస్ పడలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మిగతా చుట్లన్నీ తొక్కింది. పధ్నాలుగో స్థానంలో వచ్చింది.

అంబులెన్సు వచ్చింది. కోరినాకి మెడ కింద ఎముక విరిగింది. ఆమె మీద పడ్డ మరో ఇద్దరికి మోకాళ్ళు గీరుకున్నాయి. రిఫరీ గోర్డన్ పిల్జ్ అట్ట మీద కాగితం పెట్టుకుని ఆడవాళ్ళందర్నీ అడుగుతూ వచ్చాడు. ఆయన నెమ్మదైన మనిషి, ఏ అక్షరాన్నీ తొందరపడి రాయడు.

"ఏముంది, ఎప్పట్లాగే లోపలికి దూరింది" అంది నర్సు.

"దూరుతుందిగా ఆవిడ" అంది శవాలకి అలంకారం చేసే ఆవిడ. "ఏదో ఒక రోజు జరగాల్సిందే. నేను ఎన్నిసార్లు చెప్పాను, తొందరపడి నా దగ్గరికి రాకు డాక్టరమ్మా అని."

గోర్డన్ మార్లీస్ వైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉన్నావటగా అమ్మా?"

"అవును, పక్కనే ఉన్నాను" అంది మార్లీస్.

అది అబద్ధం కాదు. గోర్డన్ దాన్ని కూడా రాసుకున్నాడు. ఫలానా పోటీదారు అజాగ్రత్త వల్ల ఆమే పడిపోయింది అని రాసి కింద ఒక గీత గీశాడు. తర్వాత మార్లీస్ చేయి పట్టుకుని ఊపాడు. "పధ్నాలుగో స్థానం. నీకు ఈల వెయ్యకుండా ఉండడం ఇదే మొదటిసారి నాకు" అన్నాడు. ఆయనకి నిజంగానే సంతోషంగా ఉంది.

సాయంత్రం కోరినా నుంచి ఫోనుకి సందేశం వచ్చింది. ఒక్క చేత్తో కొట్టినట్టుంది, తప్పులున్నాయి. "నీ చక్రానికి తగిలేశాను. క్షమించు. సందు ఉందనుకున్నాను. నువ్వు పడనందుకు చాలా సంతోషం. పధ్నాలుగు అంట కదా, బాగా తొక్కావు."

మార్లీస్ దాన్ని ఏడెనిమిదిసార్లు చదివింది. జవాబుగా "త్వరగా కోలుకోండి" అని రాసి ఒక పువ్వు బొమ్మ పెట్టింది. తర్వాత పువ్వు ఎక్కువయిందనిపించింది. కానీ అప్పటికే వెళ్ళిపోయింది.

ఏడో రోజు పందెంలో మలుపులు నిశ్శబ్దంగా ఉన్నాయి. ఎవరూ అరవలేదు. మార్లీస్‌కి పందొమ్మిదో స్థానం వచ్చింది. ఇద్దరు ముగ్గురు వచ్చి, "ఆవిడ లేకపోతే ప్రాణం హాయిగా ఉంది కదూ" అన్నారు. మార్లీస్ తేలు కుట్టిన దొంగలా నవ్వింది.

ఈ పది రోజులూ ఆమె ఉండేది వెర్నా డీట్జ్ అనే పెద్దావిడ ఇంట్లో. పోటీకి వచ్చినవాళ్ళకి ఆ ఊళ్ళవాళ్ళు గదులిచ్చి ఉంచుకోవడం ఆనవాయితీ. వెర్నాకి ఎనభై ఒకటి. పన్నెండేళ్ళుగా ఎవరో ఒకరికి గది ఇస్తోంది గాని, ఒక్క పందెం కూడా చూడలేదు. తిరిగిన వీధే తిరగడం చూడ్డానికి అంత దూరం ఎందుకు, కిటికీలోంచి పక్కింటి కుక్క కనబడుతుంది కదా అంటుంది.

ఎనిమిదో రోజు పొద్దున్న వెర్నా పెనం మీద బంగాళదుంప అట్లు వేస్తోంది. మార్లీస్ ముందు పెట్టిన మూడూ అలాగే ఉన్నాయి.

"ఉప్పు ఎక్కువైందా అమ్మడూ?"

"లేదు మామ్మగారూ."

"మరి? నిన్న కూడా సగం పారేశావు. గెలిచానన్నావు కదా, గెలిచినవాళ్ళు తినరా?"

"గెలవలేదండీ. పందొమ్మిదో స్థానం."

"అది గెలుపు కాదా? నువ్వు ఫోన్లో మీ అన్నయ్యతో చెప్పింది వింటే గెలిచావనే అనుకున్నాను."

మార్లీస్ చెప్పేసింది. సందు సంగతి, అరుపు సంగతి, విని కూడా లోపలికి తిప్పిన సంగతి. వెర్నా అట్టు తిరగేస్తూ విన్నది. అంతా అయ్యాక పొయ్యి ఆపి ఎదురుగా కూర్చుంది.

"ఆ డాక్టరమ్మకి చెప్పావా?"

"లేదు."

"రిఫరీకి?"

"లేదు."

"నాకు చెప్పావు."

"అవునండీ."

"నాకెందుకు చెప్పావు? నాకు ఎముకలన్నీ బాగానే ఉన్నాయి." వెర్నా ఆ పళ్ళెం తనవైపు లాక్కుంది. "చల్లారిపోతున్నాయి, నేను తినేస్తాను. నువ్వు వెళ్ళు."

ఆ రోజు పందెం మొదలవకముందే మార్లీస్ గోర్డన్ పిల్జ్‌ని పట్టుకుంది. ఆయన గుడారం కింద కూర్చుని పెన్సిళ్ళు చెక్కుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా విని, పెన్సిలు పక్కన పెట్టి, నిబంధనల పుస్తకం తీశాడు.

"నీ మీద నువ్వే ఫిర్యాదు చేస్తానంటావు."

"అవును. ఆ పధ్నాలుగో స్థానం తీసెయ్యండి."

"ఫలితాలు పెట్టిన పదిహేను నిమిషాల్లో చెయ్యాలమ్మా. ఇప్పటికి రెండు రోజులైంది."

"నేనే ఒప్పుకుంటున్నా కూడానా?"

గోర్డన్ పేజీ అంతా వేలితో వెతికాడు. "ఒప్పుకున్నవాళ్ళకి వేరే గడువు రాయలేదు. ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు, అందుకై ఉంటుంది." పుస్తకం మూశాడు. "నువ్వు పక్కనే ఉన్నానన్నప్పుడు, ఎంత పక్కన అని నేను అడగాల్సింది. తప్పు నాదీ ఉంది. కానీ దానికీ గడువు దాటింది."

మార్లీస్ ఆ రోజు పందెం తొక్కలేదు. బట్టలకి తగిలించుకున్న పోటీ నంబరు విప్పి జేబులో పెట్టుకుని, కారెక్కి నలభై నిమిషాలు ప్రయాణం చేసి కోరినా ఇంటికి వెళ్ళింది.

తలుపు తీసినాయన కోరినా భర్త అలోయిస్. పొడుగ్గా, గులాబి మొహంతో ఉన్నాడు. పెళ్ళాం ఎముక విరిగిన మనిషి ఎలా ఉండాలో అలా లేడు. ఈల వేసుకుంటూ వచ్చాడు.

"రండి, రండి. సైకిల్ వాళ్ళేనా? మీ చక్రానికేనా మా ఆవిడ తగిలింది? కాఫీ తాగుతారా? మంచి వార్త చెప్పిందా మీకు?"

"ఏం వార్త?"

"మానేస్తోంది. పందేలు మానేస్తోంది. పదకొండేళ్ళ నుంచి ప్రతి జూన్‌లోనూ నేను ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. వచ్చే జూన్‌లో ఇద్దరం పడవ మీద చేపలు పట్టుకుంటాం. సైకిల్ అమ్మకానికి ప్రకటన కూడా ఇచ్చేశాను." వెంటనే గొంతు తగ్గించాడు. "పాపం, నొప్పి ఉందనుకోండి. అది వేరే సంగతి."

కోరినా హాల్లో వాలుకుర్చీలో ఉంది. చేయి మెడకి కట్టేశారు. మొహం ఒక పక్క గీరుకుపోయి ఉంది. మలుపుల్లో అరిచే మనిషి ఈమేనా అనిపించేంత చిన్నగా కనబడింది.

"వచ్చావా? కూర్చో అమ్మాయ్. నీ చక్రం ఎలా ఉంది?"

"బాగానే ఉంది డాక్టరమ్మా."

"అలోయిస్ చెప్పాడా? మానేస్తున్నాను. పందెం ఒక్కటే కాదు, క్లినిక్కు కూడా. మా జూనియర్‌కి అప్పజెబుదామనుకుంటున్నాను." ఆమె మామూలుగానే చెబుతోంది, వాన పడేలా ఉంది అన్నట్టు. "నా పని సందులు చూడడమే కదా. అర మిల్లీమీటరు తేడా వచ్చినా నా కంటికి తెలిసేది ముప్ఫై ఏళ్ళుగా. ఆ మలుపులో నాకు ఇంత సందు కనిపించింది." బాగున్న చేత్తో జానెడు చూపించింది. "దూరితే నీ చక్రం ఉంది. లేని సందు ఉన్నట్టు కనిపించిందంటే నా కన్ను పోయినట్టే. ఇంకొకళ్ళ పిల్లల నోట్లో చేతులు పెట్టే పని అది. రెండు రోజుల నుంచి అదే ఆలోచిస్తున్నాను."

మార్లీస్ కారులో వస్తూ కొన్ని మాటలు తయారుచేసుకుంది. అవేవీ ఇప్పుడు పనికొచ్చేలా లేవు.

"సందు ఉంది డాక్టరమ్మా" అంది. "నేను మూసేశాను."

వంటింట్లో అలోయిస్ ఈల ఆగింది.

"మళ్ళీ చెప్పు."

"మీరు చూసిన సందు ఉంది. నేను బయటనుంచి వచ్చి లోపలికి తిప్పేశాను."

"అలోయిస్," అంది కోరినా, కన్ను మార్లీస్ మీంచి తియ్యకుండానే, "ఆ అలమారలో దవడలు తీసుకురా."

ఆయన రెండు పాలపిండి రంగు దవడలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పిల్లల పళ్ళకి అచ్చు తీసిన సుద్ద బొమ్మలవి. కోరినా బల్ల అంచు చూపించింది. "ఇది కంచె. ఈ కాఫీ కప్పు రొట్టెల కొట్టు. పైదవడ నేను. కిందిదవడ నువ్వు. ఎక్కడున్నావో పెట్టు."

మార్లీస్ కిందిదవడని కప్పుకి దూరంగా పెట్టింది. కోరినా పైదవడని బల్ల అంచు వెంట నెమ్మదిగా నడిపించింది. "ఇక్కడ అరిచాను. ఇప్పుడు నువ్వు నడుపు." మార్లీస్ తన దవడని లోపలికి తిప్పింది. రెండూ టక్కున తగిలాయి. పైదవడ పక్కకి ఒరిగింది.

మూడుసార్లు అలా ఆడించింది కోరినా. మూడోసారి కూడా పైదవడే పడింది.

"అరుపు వినబడిందా, వినబడలేదా?"

"వినబడింది."

"విని మూశావా?"

"విని మూశాను."

"ఎందుకు?"

మార్లీస్ ఒరిగిన పైదవడని నిలబెట్టింది. "మూడేళ్ళ నుంచి తప్పుకుంటూనే ఉన్నాను డాక్టరమ్మా. ఆ ఒక్కసారి తప్పుకోబుద్ధి కాలేదు. మీరు పడతారనుకోలేదు. అనుకోలేదంటే, ఆ ఆలోచన రానివ్వలేదు."

కోరినా వాలుకుర్చీలో వెనక్కి వాలింది. గీరుకున్న బుగ్గ ఎర్రబడింది. కోపమో ప్రాణం లేచిరావడమో పోల్చుకోవడం కష్టంగా ఉంది. బహుశా రెండూ అయ్యుంటాయి.

"నువ్వు రెండు రోజులు ఊరుకున్నావు. ఆ రెండు రోజులూ నేను ముసలిదాన్నయిపోయాను. తెలుసా నీకు?"

"ఇప్పుడే తెలిసింది."

"ఎముక ఆరు వారాల్లో అతుక్కుంటుందన్నారు. ఆరు వారాలయ్యాక వచ్చి క్షమాపణ అడుగు. అప్పుడు చూద్దాం. ఇప్పుడు అడిగితే కప్పు విసిరేస్తాను, అది మా అత్తగారి కప్పు." వంటింటి వైపు తల తిప్పింది. "అలోయిస్, ఆ సైకిల్ ప్రకటన తీసెయ్యి."

అలోయిస్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన మార్లీస్ వైపు చూసిన చూపులో తిట్టు లేదు. పెళ్ళిపందిట్లోకి దివాలా నోటీసు తెచ్చినవాణ్ణి చూసే చూపు అది. కాఫీ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

తొమ్మిదో రోజు మార్లీస్ పందెంలో దిగింది గాని, మలుపు కనబడితే చాలు, చేతులు వాటంతట అవే బ్రేకు మీద పడ్డాయి. వెనకనున్నవాళ్ళు నానా మాటలూ అన్నారు. పదకొండో నిమిషంలో గోర్డన్ ఈల వేశాడు. "ఇక చాలమ్మా" అని, కొంచెం ఆగి, "ఇవాళ్టికి" అని కలిపాడు.

పదో రోజు, ఆఖరి పందెం, కెల్నర్ ఫాల్స్ ఊళ్ళో. మార్లీస్ మొదటి చుట్టు వెళ్తుంటే మూడో మలుపు కంచె పక్కన మడతకుర్చీలో ఒక మనిషి కనబడింది. చేయి మెడకి కట్టి ఉంది. పక్కన గొడుగు పట్టుకుని అలోయిస్ నిలబడ్డాడు, తప్పక వచ్చినవాడిలా.

"బ్రేకు ముందే వెయ్యి, మలుపులో కాదు" అని అరిచింది కోరినా.

రెండో చుట్టులో, "చూపు ముందుకి పెట్టు, నేల మీద ఏముంది?" అంది.

అయిదో చుట్టులో, "అంత దూరంగా ఎందుకు పోతున్నావు, గోడకి సున్నం వేస్తున్నావా?" అంది.

ఆ గొంతు తెలియనివాళ్ళు ఆ గుంపులో లేరు. మలుపు రాగానే సగం మంది అలవాటు కొద్దీ లోపలివైపు ఖాళీ చేసి తప్పుకున్నారు. దూరే మనిషి కంచె అవతల కుర్చీలో ఉంది. ఆ ఖాళీలోంచి నర్సు ఒకసారి, మార్లీస్ ఒకసారి ముందుకి వెళ్ళారు. చివరి చుట్టుకి గంట కొట్టేసరికి మార్లీస్ గుంపు మధ్యలో ఉంది. మూడో మలుపులో పక్కన ఒక పిల్ల, పాతికేళ్ళుంటాయి, సన్నగా "లోపల" అంది. మార్లీస్ తను పోతున్న గీత మార్చలేదు. పిల్ల పక్కనుంచి వెళ్ళిపోయింది. ఇంకో ఇద్దరు కూడా అదే దారిన దాటేశారు. మార్లీస్ ఇరవై ఆరో స్థానంలో వచ్చింది. ముప్ఫై ఏడుగురిలో.

అయ్యాక సైకిల్ నడిపించుకుంటూ కంచె దగ్గరికి వెళ్ళింది. కోరినా లేవలేదు.

"ఆ పిల్లకి దారి ఎందుకిచ్చావు?"

"ఇవ్వలేదు. నా గీత మీద నేనున్నాను. సందు ఆ అమ్మాయి చూసుకుంది."

"ఊఁ." కోరినా మడతకుర్చీలో సర్దుకుని కూర్చుంది. "క్లినిక్కుకి సోమవారం వెళ్తాను. ఒక చేత్తో చెయ్యగల పనులు కొన్నున్నాయి, జూనియర్‌ని తిట్టడం లాంటివి. వచ్చే ఏడు మలుపులో నేను వస్తే నువ్వు తప్పుకోకు. అడ్డం కూడా రాకు."

"సరే డాక్టరమ్మా."

"ఇంకా క్షమించలేదు. ఆరు వారాలన్నాను. ఇవాళ నువ్వు తొక్కినదానికి మార్కులేసి అందులో కలపను."

"కలపొద్దు."

వీధి చివర పంది మాంసం సాసేజీలు కాలుస్తున్నారు. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. కోరినా ఒక చేత్తో రొట్టె పట్టుకుని, తక్కిన ఆడవాళ్ళు ఎవరెవరు ఏ మలుపులో ఏమేం తప్పు చేశారో వరసగా చెబుతోంది. మార్లీస్ వింటోంది. అలోయిస్ అంతసేపూ పళ్ళెంలోకే చూస్తూ తిన్నాడు. చివరికి బల్ల మీదున్న ఆవముద్ద సీసా ఎత్తి, మూత తీసి, మార్లీస్ వైపు జరిపాడు.

"వేసుకుంటారా?" అన్నాడు.

"కొంచెం" అంది మార్లీస్.